బట్టల సబ్బు ఖర్చు తగ్గించుకుందాం - ఇంట్లోనే ఒక రసాయన పాఠం



ఉపకార వేతనం చేతికందిన నెలలో పుస్తకాలు, బస్సు పాసు పోను మిగిలేది కొద్దిపాటి డబ్బు. అందులో కొంత బట్టల పొడికే పోతుంది. నేను హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో మాకు బోరునీళ్ళే దిక్కు. ఎంత సబ్బు రుద్దినా నురుగు వచ్చేది కాదు, తెల్లచొక్కా నెలకే బూడిదరంగుకు తిరిగేది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మా వీధిలో బట్టలుతికే పెద్దమ్మ ఆ చొక్కా చూసి, "సబ్బు తర్వాత నాయనా, ముందు నీళ్ళను లొంగదీయాలి" అన్నది. ఆ మాటలోని శాస్త్రమే ఈ పాఠం.

కఠిన జలం అంటే

బోరునీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. సబ్బు వేయగానే అవి సబ్బుతో కలిసి తెల్లని తెట్టుగా మారతాయి. మురికిని వదిలించవలసిన సబ్బు అలా వృథా అవుతుంది. ఆ తెట్టే బట్టకు పట్టి రంగు మాస్తుంది. బట్టల సోడా, అనగా సోడియం కార్బొనేట్, ముందుగా వేస్తే ఈ లవణాలలో చాలా భాగం పొడిగా విడిపోతుంది. సబ్బు తన పని తాను చేస్తుంది.

లెక్క చూడండి

లీటరుకు 300 మిల్లీగ్రాముల కాఠిన్యం గల నీళ్ళు 10 లీటర్లు తీసుకుందాం. అందులోని కాఠిన్యం కాల్షియం కార్బొనేట్ లెక్కన 3 గ్రాములు. దీనిని తొలగించడానికి లెక్కప్రకారం కావలసిన సోడా సుమారు 3.2 గ్రాములు. సోడా వేయకపోతే ఈ 3 గ్రాములు తినివేసే సబ్బు సుమారు 18 గ్రాములు. అంటే మీరు 20 గ్రాముల సబ్బు వేస్తే ఉతకడానికి మిగిలేది 2 గ్రాములే!

కావలసిన వస్తువులు

1. సాదా బట్టల సబ్బు. డిటర్జెంట్ బిళ్ళ కాదు.
2. తెల్లని పొడిగా దొరికే బట్టల సోడా. తమిళనాడులో సలవై సోడా అని, షోలాపూర్ వైపు ధుణ్యాచా సోడా అని అడగండి. వంటసోడా వేరు, అది ఇందుకు పనికిరాదు.
3. మూతగట్టిగా ఉన్న రెండు ప్లాస్టిక్ డబ్బాలు.

చేసే పద్ధతి

సబ్బును కొబ్బరికోరుతో తురిమి, నీడలో ఒకరోజు ఆరబెట్టి ఒక డబ్బాలో పోయండి. సోడాను రెండో డబ్బాలో పోయండి. రెండూ కలపవద్దు. కలిపితే సోడా పని పూర్తి కాకముందే సబ్బు నీళ్ళలో పడి కొంత వృథా అవుతుంది.

ఉతికేటప్పుడు 10 లీటర్ల నీళ్ళలో పోగుగా ఒక టీ చెంచా (సుమారు 5 గ్రాములు) సోడా కరిగించి పది నిమిషాలు ఆగండి. 20 గ్రాముల సబ్బు తురుమును చెంబెడు వేడినీళ్ళలో కరిగించి అందులో పోయండి. బట్టలు అరగంట నానబెట్టి ఉతికి, రెండుసార్లు జాడించండి.

పట్టు, ఉన్ని బట్టలకు

వీటికి సోడా తగలరాదు, పోగు దెబ్బతింటుంది. కుంకుడుకాయలే మేలు. కర్ణాటకలో అంటువాళకాయి, తమిళంలో పూందికొట్టై, మరాఠీ, ఒడియాలలో రిఠా అంటారు. పదిహేను కాయల గింజలు తీసి, లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, ఉదయం మరిగించి, పిసికి వడకట్టండి. రెండు రోజుల్లో వాడేయాలి.

జాగ్రత్తలు

* సోడాను అల్యూమినియం గిన్నెలో కలపవద్దు, గిన్నె పాడవుతుంది.
* సోడా చేతులను పొడిబారుస్తుంది, కళ్ళలో పడితే మంట. వెంటనే మంచినీళ్ళతో బాగా కడగాలి.
* డబ్బాపై పేరు రాసి, పిల్లలకు అందకుండా, ఉప్పు పంచదార డబ్బాలకు దూరంగా ఉంచండి.
* కాస్టిక్ సోడా వేరే పదార్థం. చర్మాన్ని కాల్చివేస్తుంది. దాని జోలికి పోవద్దు.
* రంగుబట్టను ముందు అంచున ఒకచోట తడిపి చూడండి.
* వాషింగ్ మెషీనులో ఈ పద్ధతి వద్దు, సబ్బు తెట్టు లోపల పేరుకుంటుంది.

మీరే చేసి చూడండి

రెండు సీసాలలో ఒకదాంట్లో వాననీళ్ళు, ఒకదాంట్లో మీ ఇంటి నీళ్ళు సమంగా పోసి, చిటికెడు చొప్పున సబ్బు తురుము వేసి గిలకొట్టండి. వాననీళ్ళు నురగలు కక్కి, మీ నీళ్ళు తెట్టు కట్టితే సోడా అవసరమని తెలుసుకోండి. రెండూ ఒకేలా నురుగు ఇస్తే సోడా కొనవద్దు, ఆ ఖర్చు కూడా మిగులుతుంది.

అభ్యాసం: కాఠిన్యం లీటరుకు 500 మిల్లీగ్రాములైతే 10 లీటర్లకు ఎంత సోడా కావాలి? (జవాబు: సుమారు 5.3 గ్రాములు.) ఈ నెల పాత పద్ధతిలో, వచ్చే నెల కొత్త పద్ధతిలో అయిన ఖర్చు నోటుపుస్తకంలో రాసి పోల్చండి. మిగిలిన రూపాయలతో ఒక పుస్తకం కొనుక్కోగలిగితే ఈ పాఠం ఫలించినట్లే.