తల్లిదండ్రుల వృద్ధాప్యం: సేవకు మనిషిని పెట్టవచ్చు, బాధ్యతను అప్పగించలేము

దివ్య ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరా 23, 24 ఆయతుల్లో అల్లాహ్ తన ఆరాధనను గురించి ఆజ్ఞాపించిన వెంటనే తల్లిదండ్రుల పట్ల సద్వర్తనను ఆజ్ఞాపించాడు. వారిలో ఒకరు గాని, ఇద్దరూ గాని ముసలితనానికి చేరుకున్నప్పుడు విసుగుతో 'ఉఫ్' అని కూడా అనవద్దని, కసురుకోవద్దని, మర్యాదగా మాట్లాడమని, వారి ముందు దయతో అణకువగా ఉండమని, వారి కోసం దుఆ చేయమని బోధించాడు. జుమా ప్రసంగాల్లో ఈ ఆయతులను మనం ఎన్నోసార్లు విన్నాం. అయితే అందులోని ఒక చిన్న పదం మీద మన దృష్టి అంతగా నిలవదు. వారు వృద్ధాప్యానికి చేరేది 'ఇందక', అంటే 'నీ దగ్గర' అని ఆయతు చెబుతోంది. ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు దీనిని 'నీ ఇంట్లో, నీ సంరక్షణలో' అని వివరించారు.

నేడు మమ్మల్ని తరచుగా అడుగుతున్న ప్రశ్న ఈ పదంతోనే ముడిపడి ఉంది: "అమ్మీని ఓల్డేజ్ హోమ్‌లో ఉంచితే పాపమా?" ఇలా అడిగేవారిలో జెద్దాలోనో, దుబాయిలోనో ఉద్యోగం చేస్తూ ఊరికి ఏడాదికొకసారి రాగలిగే కొడుకులున్నారు. తండ్రికి పక్షవాతం వచ్చి, ఎత్తి కూర్చోబెట్టే బలం తమకు లేక అలసిపోయిన కూతుళ్ళున్నారు. తమకే మోకాళ్ళ నొప్పులు మొదలైన కోడళ్ళున్నారు. వీరందరికీ ఒక్క మాటలో 'అవును' అనో, 'కాదు' అనో చెప్పి పంపడం న్యాయం కాదు. కాబట్టి విషయాన్ని ఒక క్రమంలో పరిశీలిద్దాం.

బాధ్యత ఎవరిది?

పేదరికంలో ఉన్న తల్లిదండ్రుల పోషణ, స్థోమత గల సంతానంపై విధి. హనఫీ ధర్మవేత్తల ప్రసిద్ధ అభిప్రాయం ప్రకారం స్థోమత ఉన్నప్పుడు ఈ పోషణ భారం కొడుకుల మీద, కూతుళ్ళ మీద సమానంగానే ఉంటుంది. వారసత్వంలో వాటా తక్కువ కాబట్టి ఖర్చులోనూ తక్కువే అని కూతురు అనడానికి గాని, కూతురు పరాయి ఇంటి మనిషి కాబట్టి ఆమెకు సంబంధం లేదని కొడుకు అనడానికి గాని వీలులేదు.

ఇక్కడ రెండు పొరపాట్లు మన ఇళ్ళలో పాతుకుపోయాయి. ఒకటి: కొడుకు డబ్బు పంపి, సేవంతా భార్య మీద వదిలేయడం. అత్తమామల సేవ కోడలికి షరీఅత్ విధించిన విధి కాదు. ఆమె మనస్ఫూర్తిగా చేస్తే అది గొప్ప సుగుణం, అల్లాహ్ దగ్గర దానికి ప్రతిఫలం ఉంది. కాని భర్త దానిని తన హక్కుగా వసూలు చేసుకోరాదు. తల్లిదండ్రులు అతనివారు, లెక్క చెప్పవలసిందీ అతడే. ఇరవై నాలుగు గంటలూ ఒక్క మనిషి మీదనే భారం పడితే ఆ ఇంట్లో 'ఉఫ్' అనే మాట రాకుండా ఉండడం కష్టం. కాబట్టి కోడలి అలసటను తగ్గించడం కూడా తల్లిదండ్రుల సేవలో భాగమే.

రెండవది: తల్లిదండ్రుల మందులకో, ఆశ్రమం ఫీజుకో జకాత్ సొమ్ము వాడడం. కన్న తల్లిదండ్రులకు, తాతలకు, నానమ్మ, అమ్మమ్మలకు జకాత్ ఇస్తే అది చెల్లదు. వారి ఖర్చు మన సొంత సంపాదన నుండే పెట్టాలి. అయితే జకాత్‌కు అర్హులైన బాబాయి, మేనత్త, వయసు మళ్ళిన అన్న వంటివారికి జకాత్ ఇవ్వవచ్చు.

ముందు అవసరాన్ని కొలవాలి

చాలా కుటుంబాలు అవసరం ఎంతో తెలుసుకోకుండానే నిర్ణయానికి వస్తాయి. వృద్ధులకు ఎంత సహాయం కావాలో తెలుసుకోవడానికి వైద్యులు 1963 నుండి వాడుతున్న ఒక తేలికైన కొలత ఉంది. అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్, ఆయన సహచరులు దీనిని రూపొందించారు. ఇందులో ఆరు పనులుంటాయి: స్నానం చేయడం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్ళి రావడం, మంచం మీంచి లేచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలను ఆపుకోగలగడం, తన చేత్తో తినడం. వీటిలో ఏవి సొంతంగా చేసుకోగలరు, వేటికి మనిషి సాయం కావాలి అని కాగితం మీద రాసుకోండి. తర్వాత వంట, మందులు వేళకు వేసుకోవడం, డబ్బు లెక్క, ఫోను వాడకం గురించి కూడా రాయండి.

స్నానానికి మాత్రమే సాయం కావలసిన తండ్రికి ఆశ్రమం అవసరం లేదు. ఉదయం ఒక గంట వచ్చి వెళ్ళే మనిషి చాలు. ఒక్కోసారి ఆ మనిషి కూడా అక్కరలేదు, ఇంటిని సరిచేస్తే సరిపోతుంది. ఫజ్ర్ వేళ చీకట్లో, తడిసిన నేల మీద వుజూ చేయబోయి జారి పడడం వృద్ధులకు పెద్ద ప్రమాదం. తుంటి ఎముక విరిగితే ఆ తర్వాత చాలామంది మునుపటిలా నడవలేరు. కూర్చుని వుజూ చేసుకునే ఎత్తైన పీట, గోడకు పట్టుకునే కమ్మీ, జారని చాప, రాత్రంతా వెలిగే చిన్న దీపం, కుర్చీలా ఉండే కమోడ్ పెట్టించండి. ఒక నెల ఆశ్రమం ఫీజు కంటే వీటికయ్యే ఖర్చు తక్కువే కావచ్చు.

మతిమరుపు విషయంలో మరింత జాగ్రత్త కావాలి. తిన్నది మరచి మళ్ళీ అడగడం, ఇంటి దారి తప్పడం, కన్న కొడుకునే ఎవరని అడగడం, డబ్బు దొంగిలించారని అనుమానించడం మొండితనం కాకపోవచ్చు. అది డిమెన్షియా అనే మెదడు జబ్బు కావచ్చు. మనిషి అన్నీ తెలిసిన తర్వాత ఏమీ తెలియని స్థితికి చేరే వయసును గురించి ఖుర్ఆన్ నహ్ల్, హజ్ సూరాల్లో ప్రస్తావించింది. దైవప్రవక్త (స) స్వయంగా అటువంటి వయసు నుండి అల్లాహ్ శరణు కోరేవారు. కాబట్టి కోపగించుకోకుండా వైద్యునికి చూపించాలి.

ఏయే మార్గాలున్నాయి?

మొదటిది, సొంత ఇల్లు, సొంత మనుషులు. తల్లిదండ్రులు ఇష్టపడేదీ, షరీఅత్ కోరేదీ ఇదే. రెండవది, ఇంట్లోనే ఉంచి పగటికో, రాత్రికో, పూర్తి కాలానికో ఆయానో, అటెండెంటునో పెట్టుకోవడం. మూడవది, పగలు డే కేర్ కేంద్రంలో, రాత్రి ఇంట్లో ఉండడం. ఇవి పెద్ద నగరాలకే ఎక్కువగా పరిమితం. నాల్గవది, అసిస్టెడ్ లివింగ్ అని పిలిచే నివాసం. ఇక్కడ ప్రత్యేకమైన గది ఉంటుంది. భోజనం, స్నానం, మందులకు సాయం చేసే సిబ్బంది ఉంటారు. తన పనుల్లో కొన్ని చేసుకోగల వృద్ధులకు ఇది తగినది. ఐదవది, నర్సుల పర్యవేక్షణ ఉండే కేంద్రం. మంచం పట్టినవారికి, గొట్టం ద్వారా ఆహారం తీసుకునేవారికి, డిమెన్షియా ముదిరినవారికి ఇది అవసరం కావచ్చు. ఆరవది, నిరుపేద వృద్ధుల కోసం ప్రభుత్వ సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే ఉచిత ఆశ్రమాలు.

70 ఏళ్ళు నిండినవారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆస్పత్రి వైద్యం కల్పించే ఆయుష్మాన్ భారత్ విస్తరణ 2024 అక్టోబరులో ప్రారంభమైంది. అయితే అది ఆస్పత్రిలో చేరినప్పటి చికిత్సకు మాత్రమే. ఆయా జీతానికి, ఆశ్రమం ఫీజుకు వర్తించదు. ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంటి బయట ఉంచవలసి వస్తే

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఇంట్లో చూసుకునే శక్తి ఉండి కూడా భారం వదిలించుకోవడానికి, ఇల్లు ఇరుకైందనో, అతిథుల ముందు నామోషీ అనో తల్లిదండ్రులను పంపివేయడం వారి హక్కును కాలరాయడమే. ఆస్పత్రికి వెళ్దామని చెప్పి తీసుకెళ్ళి వదిలేసి రావడం దానికి తోడు మోసం కూడా. కాని వారికి కావలసిన సేవ ఇంట్లో నిజంగా సాధ్యం కాకపోతే, వారి సమ్మతితో, వారి మేలు కోరి మంచి చోట ఉంచి, రాకపోకలు సాగిస్తూ, ఖర్చు భరిస్తూ, నిర్ణయాలు తామే తీసుకుంటూ ఉంటే దానిని పాపమనలేము. చెమ్చాతో తినిపించే చేతిని జీతానికి పెట్టుకోవచ్చు. 'ఇందక' అన్న పదంలోని సంరక్షణను మాత్రం ఎవరికీ అప్పగించలేము. ఇల్లు దూరమైనా ఆ నీడ వారిపై ఉండాలి.

చేర్చే ముందు స్వయంగా వెళ్ళి చూడండి. ఒకసారి చెప్పి, ఇంకొకసారి చెప్పకుండా వెళ్ళండి. ఈ విషయాలు అడగండి:

రాత్రిపూట ఎంతమంది సిబ్బంది ఉంటారు? నర్సు ఉంటుందా? స్త్రీలకు స్త్రీలే, పురుషులకు పురుషులే స్నానం చేయిస్తారా? మంచం పట్టినవారిని పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతున్నారా? భోజనం హలాలేనా? నమాజుకు ఖిబ్లా వైపు చోటుందా? ఎప్పుడు వచ్చినా కలవనిస్తారా? జబ్బు ముదిరితే ఉంచుతారా, తీసుకుపొమ్మంటారా? డిపాజిట్ ఎంత తిరిగి ఇస్తారు? మరణం సంభవిస్తే వెంటనే కబురు చేసి, గుస్ల్, జనాజాల కోసం కుటుంబానికి అప్పగిస్తారా? వీటన్నిటినీ ఒప్పంద పత్రంలో రాయించుకోండి.

నమాజు, ఉపవాసాలు

ఎక్కడున్నా వారి ఇబాదత్‌కు మనమే బాధ్యులం. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని సైగలతో నమాజు చేయవచ్చని దైవప్రవక్త (స) హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు బోధించారు. మూత్రం ఎడతెగక కారేవారు, మూత్రం గొట్టం అమర్చినవారు హనఫీ ఫిఖ్హ్‌లో 'మాజూర్'. ప్రతి నమాజు వేళకు ఒకసారి వుజూ చేసుకుంటే ఆ వేళంతా అది చెల్లుతుంది. ఇది తెలియక, డైపర్ ఉందన్న కారణంతో నమాజు మానేసి లోలోపల కుమిలిపోయే వృద్ధులున్నారు. ఇక కోలుకునే ఆశ లేక ఉపవాసం ఉండలేనివారు ఒక్కో రోజాకు ఒక పేదవానికి అన్నం పెట్టే ఫిద్యా ఇస్తారు. బుద్ధి పూర్తిగా పోయినవారిపై విధులే లేవు. వారిని నమాజు కోసం బలవంతపెట్టకూడదు.

ఆస్తి, చట్టం

చాలా గొడవల మూలం ఇక్కడే ఉంది. ముసలితనంలో చూసుకుంటాడన్న ఆశతో ఇంటిని ఒక కొడుకు పేర హిబా చేసి, తర్వాత అదే ఇంట్లో పరాయివారైపోయిన తల్లిదండ్రులున్నారు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం సంతానానికి హిబా చేసి స్వాధీనం చేశాక వెనక్కి తీసుకోలేరు. అందుకే పెద్దలకు మా సలహా: బ్రతికుండగా తలదాచుకునే ఇంటిని వదులుకోవద్దు. వారసుల వాటాలను అల్లాహ్ నిర్ణయించే ఉంచాడు.

2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం అన్ని మతాలవారికీ వర్తిస్తుంది. పోషణ కోసం వృద్ధులు తమ డివిజన్ ట్రిబ్యునల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. చట్టం నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల పరిమితి పెట్టింది. 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని షరతు తప్పితే రద్దు చేయించుకోవచ్చు. అయితే ఆ షరతును రుజువు చేయవలసి ఉంటుందని 2022లో సుప్రీం కోర్టు చెప్పింది. ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు చేసేలా ఉదారంగా అన్వయించాలని 2025 జనవరిలో చెప్పింది. కనుక రాసిచ్చేవారు షరతును పత్రంలోనే స్పష్టంగా రాయించాలి. వృద్ధులను వదిలేసి వెళ్తే మూడు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. సలహా, సాయం కోసం 14567 అనే జాతీయ హెల్ప్‌లైన్ ఉంది. తల్లి కోర్టుకెక్కే పరిస్థితి రాకుండా చూసుకోవడమే విశ్వాసికి శోభనిస్తుంది.

మహల్లా ఏం చేయగలదు?

1993లో కోళికోడ్‌లో ఒక పాలియేటివ్ క్లినిక్‌తో మొదలైన పని కేరళ అంతటా పాకింది. శిక్షణ పొందిన సాధారణ పౌరులు, నర్సులతో కలిసి మంచం పట్టినవారి ఇళ్ళకే వెళ్తారు. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దీనికొక విధానాన్నే ప్రకటించింది. మన మసీదు కమిటీలు ఇంత పెద్ద పని చేయలేకపోయినా, మహల్లాలో ఒంటరిగా ఉన్న వృద్ధుల పేర్లు రాసుకుని, వారానికొకసారి ఇద్దరు యువకులను వారి ఇంటికి పంపలేవా? ఒక వీల్‌చైరు, ఒక వాకరు కొని అవసరమైనవారికి ఇచ్చి పుచ్చుకునే ఏర్పాటు చేయలేవా?

హిజ్రీ 8వ సంవత్సరంలో మక్కా విజయం నాడు హజ్రత్ అబూ బక్ర్ (రజి) చూపు కోల్పోయిన తమ వృద్ధ తండ్రి అబూ ఖుహాఫాను చేయి పట్టుకుని దైవప్రవక్త (స) వద్దకు తీసుకువచ్చారు. పెద్దాయనను ఇంట్లోనే ఉంచితే తామే ఆయన దగ్గరకు వచ్చేవారం కదా అని దైవప్రవక్త (స) అన్నారు. మక్కా అంతా తన ముందు తల వంచిన రోజున కూడా ఆయన ఒక ముసలివాని గుమ్మానికి వెళ్ళడానికి సిద్ధపడ్డారు. మన అమ్మీ, అబ్బాలు ఏ గదిలో ఉన్నా, మనం అక్కడికి నడిచి వెళ్తున్నామా లేదా అన్నదే మనం వేసుకోవలసిన ప్రశ్న.

వృద్ధులైన తల్లిదండ్రులకు సేవచేసే భాగ్యాన్ని, ఆ సేవలో సహనాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.