దూరం – కాలం

'మేఘసందేశం'లో కాళిదాస మహాకవి యక్షుని నోట మేఘునికి రామగిరి నుండి అలకాపురికి దారి చెప్పించాడు. ఉత్తరదిశగా పోవలసిన మేఘుణ్ణి, దారి వంకరైనప్పటికీ ఉజ్జయినిని చూసి పొమ్మంటాడు యక్షుడు. రెండు స్థలాల నడిమి దూరం వేరు, నడిచే దారి వేరు. ఈ భేదం నేటి విమానయానానికి కూడా వర్తిస్తుంది.

అసోంలోని దిబ్రూగఢ్, కేరళలోని తిరువనంతపురం మన దేశపు రెండు కొసల్లో ఉన్న నగరాలు. భూగోళపు నమూనాపై ఈ రెండింటి నడుమ ఒక దారాన్ని బిగించి పట్టితే, అది బంగ్లాదేశ్, బంగాళాఖాతం, తమిళనాడుల మీదుగా సాగుతుంది. ఈ కనిష్ఠ మార్గాన్ని మహావృత్త చాపం అంటారు. దీని పొడవు సుమారు 2,840 కిలోమీటర్లు. రైలుకు ఈ దారి లేదు. 2011లో ప్రారంభమైన వివేక్ ఎక్స్‌ప్రెస్ దిబ్రూగఢ్ నుండి బంగ్లాదేశ్‌ను చుట్టివచ్చి, మన కోస్తా జిల్లాలను దాటి, తిరువనంతపురం మీదుగా కన్యాకుమారి చేరుతుంది. నాలుగువేల కిలోమీటర్లకు పైబడిన ఆ ప్రయాణానికి మూడు రోజులు చాలవు.

జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుందనుకొంటే, 2,840 కిలోమీటర్లకు పట్టే కాలం మూడున్నర గంటలు. భాగహారం ఇక్కడితో ముగుస్తుంది గాని, ప్రయాణం ముగియదు. విమానం నేల మీద కదలడానికి, పైకెగయడానికి, దిగడానికి అదనపు సమయం పడుతుంది. ఎదురుగాలి వీస్తే ఆలస్యమవుతుంది. అన్నింటికన్న ముఖ్యం, రెండు దూరప్రాంత నగరాల నడుమ సరిపడినంతమంది ప్రయాణికులు లేనప్పుడు విమానసంస్థలు వారిని ఒక మహానగరానికి చేర్చి, అక్కడ వేరొక విమానం ఎక్కిస్తాయి. ఢిల్లీ మీదుగా వెళితే దూరం దాదాపు 4,000 కిలోమీటర్లవుతుంది. గగనవిహారమే అయిదు గంటలు. విమానాశ్రయానికి రెండు గంటలు ముందు చేరడం, ఢిల్లీలో రెండు మూడు గంటలు నిరీక్షించడం కలిపితే పగలంతా గడిచిపోతుంది.

ఈ విషయం తెలియక మూడున్నర గంటలనే నమ్మి బయలుదేరిన విద్యార్థికి ప్రవేశపరీక్ష దక్కదు. వ్యాధిగ్రస్తుడైన తండ్రి కడచూపు కొడుకుకు దక్కదు. చిన్న ఊళ్లవారు అదనంగా చెల్లించే మూల్యం ధనమే కాదు, కాలం కూడా. ఈ లోటును కొంత తీర్చడానికి ఉద్దేశించినదే 'ఉడాన్' పథకం. 2017 ఏప్రిల్‌లో ఈ పథకం కింద కడప, హైదరాబాదుల నడుమ విమానం నడిచింది.

దూరాన్ని ప్రకృతి నిర్ణయించింది. కాలాన్ని మాత్రం మానవుల ఏర్పాట్లు నిర్ణయిస్తాయి. కావున ఒక ఊరు ఎంత దూరమని అడిగినప్పుడు, చేరడానికి ఎంతసేపు పడుతుందని కూడా అడగడం వివేకం.

అభ్యాసం
1. దిబ్రూగఢ్ – తిరువనంతపురం విమానప్రయాణం మూడున్నర గంటల్లో ముగియకపోవడానికి కారణాలను వివరించండి.
2. మీ ఊరి నుండి దిబ్రూగఢ్ చేరే మార్గాన్ని, పట్టే కాలాన్ని లెక్కించి రాయండి.