పెంపుడు పిల్లులలో కండ్లకలక: ఇంటివద్ద చేయదగిన చికిత్స, దాని హద్దులు

సారాంశం

పిల్లులలో అంటు కండ్లకలకకు హెర్పిస్ వైరస్, కాలిసి వైరస్, క్లమిడియా, మైకోప్లాస్మా ప్రధాన కారకాలు. కంటిని శుభ్రపరచడం, పశువైద్యుడు సూచించిన మందును సక్రమంగా వేయడం, జబ్బుపడిన పిల్లిని వేరుగా ఉంచడం ఇంటివద్ద చేయదగిన పనులు. కార్నియాపై పుండు ఉన్నదీ లేనిదీ తేల్చడం మాత్రం ఇంటివద్ద సాధ్యం కాదు. అది తేల్చకుండా స్టెరాయిడ్ కలిసిన చుక్కలు వేస్తే కన్ను పోయే ప్రమాదం ఉంది. పెంపకందారులకు ఇవ్వవలసిన సలహాలను ఈ వ్యాసంలో వివరించడమైనది.

పరిచయం

ధాన్యం నిల్వ ఉన్న ఇంట ఎలుకల బెడద తగ్గించడానికి పిల్లిని పెంచడం మన గ్రామాలలో పాత అలవాటు. పట్టణాలలో పెర్షియన్ వంటి జాతుల పెంపకం కూడా కనిపిస్తున్నది. పిల్లి కన్ను ఎర్రబడి పుసి కట్టినప్పుడు పెంపకందారు చాలాసార్లు ముందుగా మందుల దుకాణానికి వెళతాడు, లేదా తెలిసిన విస్తరణ అధికారికి ఫోను చేసి ‘ఏ చుక్కలు వేయమంటారు?’ అని అడుగుతాడు. కంటిని చూడకుండా ఈ ప్రశ్నకు మందు పేరుతో సమాధానం చెప్పడం సరికాదు. అయితే ‘ఆసుపత్రికి తీసుకువెళ్ళండి’ అని మాత్రమే చెప్పి ఊరుకోవడం కూడా చాలదు. పశువైద్యుని వద్దకు చేరేలోపు ఏమి చేయాలి, ఏమి చేయరాదు, ఎంత త్వరగా వెళ్ళాలి అనే మూడు విషయాలు స్పష్టంగా చెప్పగలగాలి.

వ్యాధి కారకాలు, గుర్తించే లక్షణాలు

హెర్పిస్ వైరస్: తుమ్ములు, ముక్కు కారడం, రెండు కళ్ళ నుండి నీరు, తర్వాత చిక్కని పుసి దీని సాధారణ లక్షణాలు. ఈ వైరస్ కార్నియాపై చెట్టుకొమ్మల ఆకారంలో పుండ్లు కలిగిస్తుంది. ఒకసారి సోకిన పిల్లులలో అధికభాగం జీవితాంతం వైరస్ వాహకాలుగా ఉంటాయి. నాడీకణాలలో దాగి ఉన్న వైరస్ ఇల్లు మారడం, కొత్త పిల్లి రావడం, ఈనడం వంటి ఒత్తిడి కలిగినప్పుడు తిరిగి విజృంభిస్తుంది. ‘ఏటా ఇదే జబ్బు వస్తున్నది’ అని పెంపకందారు చెప్పినప్పుడు ముందుగా అనుమానించవలసినది దీనినే.

కాలిసి వైరస్: కండ్లకలక స్వల్పంగా ఉంటుంది. నాలుకపై, నోటిలో పుండ్లు, చొంగ కారడం, కొన్నిసార్లు కుంటడం గమనించవచ్చు.

క్లమిడియా: ఏడాదిలోపు వయసు పిల్లులలో ఎక్కువ. సాధారణంగా ఒక కంటితో మొదలై కొద్ది రోజులలో రెండవ కంటికి పాకుతుంది. కనురెప్పల లోపలి పొర నీరు నిండినట్లు ఉబ్బి బయటకు కనిపించడం దీని ముఖ్య లక్షణం.

మైకోప్లాస్మా ఒంటరిగా గాని, పై కారకాలతో కలిసి గాని వ్యాధిని కలిగించవచ్చు. ఒక కన్ను మాత్రమే హఠాత్తుగా మూసుకొని నీరు కారుతుంటే సూక్ష్మజీవుల కంటే ముందు గోటి గీత, గడ్డి పరక, దుమ్ము వంటి వాటిని అనుమానించాలి.

వెంటనే ఆసుపత్రికి చేర్చవలసిన స్థితులు

ఈ క్రింది లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు పశువైద్యునికి చూపించాలి.

1. కన్ను తెరవలేకపోవడం, వెలుతురు చూడలేకపోవడం, కంటిని పదేపదే కాలితో రుద్దుకోవడం
2. నల్లగుడ్డుపై తెల్లని లేదా నీలి మసక, గుంట, గోధుమరంగు లేదా నల్లని మచ్చ
3. రెండు కంటిపాపలు వేర్వేరు పరిమాణంలో ఉండడం, కంటిలో రక్తం, కన్ను ముందుకు పొడుచుకు రావడం
4. ఒక రోజంతా మేత ముట్టకపోవడం, నోరు తెరచి శ్వాసించడం
5. కళ్ళు ఇంకా తెరవని పసికూనలలో మూసి ఉన్న రెప్పల వెనుక వాపు

చివరి స్థితిని ప్రత్యేకంగా వివరించాలి. పిల్లికూనలు పుట్టిన 7 నుండి 14 రోజుల మధ్య కళ్ళు తెరుస్తాయి. అంతకుముందే సూక్ష్మజీవులు చేరితే చీము మూసిన రెప్పల వెనుక నిలిచి కార్నియాను దెబ్బతీస్తుంది. రెప్పలను తెరచి చీము తొలగించడం పశువైద్యుని పని; ఇంటివద్ద బలవంతంగా విప్పరాదు.

ఈ లక్షణాలేవీ లేక, పిల్లి హుషారుగా తింటూ, కన్ను పూర్తిగా తెరుస్తూ, కొద్దిపాటి ఎరుపు, నీరు మాత్రమే ఉంటే ఒకటి రెండు రోజులు శుభ్రపరుస్తూ గమనించవచ్చు. ఆ లోపు తగ్గకపోతే చూపించాలి.

ఇంటివద్ద కంటిని శుభ్రపరచే పద్ధతి

చేతులు సబ్బుతో కడుగుకోవాలి. మందుల దుకాణంలో దొరికే 0.9 శాతం నార్మల్ సెలైన్ శ్రేష్ఠం. అది లేనప్పుడు కాచి చల్లార్చిన నీరు వాడవచ్చు. ఉప్పు అంచనాగా కలిపిన నీరు గాఢత ఎక్కువై కంటిని మండిస్తుంది కనుక వాడరాదు. గోరువెచ్చని సెలైన్‌లో తడిపిన మెత్తని గాజుగుడ్డను మూసిన రెప్పలపై రెండు మూడు నిమిషాలు ఉంచితే ఎండిన పుసి నానుతుంది. తర్వాత ముక్కువైపు మూల నుండి బయటకు సున్నితంగా తుడవాలి. ఎండిన పుసిని గోటితో లాగరాదు. ప్రతి తుడుపుకు కొత్త గుడ్డ, ప్రతి కంటికి వేరు గుడ్డ వాడాలి. దూది పోగులు కంటిలో చిక్కుకుంటాయి. ఈ పని రోజుకు రెండు నుండి నాలుగు సార్లు, ముఖ్యంగా మందు వేయడానికి ముందు చేయాలి.

చుక్కలు, ఆయింట్‌మెంట్ వేసే విధానం

పిల్లిని తువాలులో చుట్టి తల మాత్రమే బయట ఉంచాలి. ఎదురుగా కాక వెనుక నుండి చేతిని తేవాలి. గడ్డాన్ని కొద్దిగా పైకెత్తి, పై రెప్పను వెనుకకు లాగి, సీసా మూతి కంటికి తగలకుండా ఒక చుక్క వేయాలి. ఆయింట్‌మెంట్ అయితే బియ్యపు గింజంత పొడవు చాలు. రెండు మందులు ఉన్నప్పుడు ముందు చుక్కలు, కనీసం 5 నిమిషాల తర్వాత ఆయింట్‌మెంట్ వేయాలి. కంటిని గీరుకుంటుంటే మెడకు రక్షణ పట్టీ కట్టాలి. కన్ను బాగుపడినట్లు కనిపించినా చెప్పిన రోజులన్నీ మందు కొనసాగించాలి.

క్లమిడియాకు కంటి మందు ఒక్కటే చాలదు. వ్యాధికారకం శరీరంలో ఇతర భాగాలలో కూడా ఉంటుంది కనుక పశువైద్యులు డాక్సీసైక్లిన్‌ను సాధారణంగా 4 వారాలు నోటి ద్వారా ఇస్తారు. ఈ మాత్రను పొడిగా మింగిస్తే అన్నవాహికలో నిలిచి పుండు పడి, ఆ మార్గం కుంచించుకుపోతుంది. కాబట్టి మాత్ర తర్వాత సిరంజితో 5 మి.లీ. నీరు గాని, కొంచెం మేత గాని తప్పక ఇవ్వాలి.

చేయరాని పనులు

ఇంటివైద్యంలో కన్ను పోవడానికి దారితీసే ప్రధాన పొరపాటు స్టెరాయిడ్ చుక్కలు. మనుషుల కంటి చుక్కలలో అనేకం యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కలిసినవే. ఇవి వేసిన రోజే ఎరుపు తగ్గుతుంది. పెంపకందారు మందు పనిచేసిందని భావిస్తాడు. కాని కార్నియాపై పుండు ఉంటే స్టెరాయిడ్ దానిని మాననివ్వదు, లోతు పెంచుతుంది. హెర్పిస్ వైరస్ విజృంభణకు తోడ్పడుతుంది. పుండు లోతై కార్నియా చిల్లు పడితే కన్ను దక్కడం కష్టం. పుండు ఉన్నదీ లేనిదీ పశువైద్యుడు ఫ్లోరెసిన్ రంగు వేసి కొద్ది నిమిషాలలో తేల్చగలడు. కనుక సీసాపై డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్, ఫ్లోరోమెథోలోన్ వంటి పేర్లు ఉన్నాయేమో చదివించి, ఉంటే వాడవద్దని చెప్పాలి. ఈ ఒక్క జాగ్రత్త ఫోనులో కూడా చెప్పగలిగినదే.

జ్వరానికి పారాసెటమాల్ ఇవ్వరాదు. పిల్లి కాలేయం ఈ మందును నిర్వీర్యం చేయలేదు. ఒక్క మాత్ర కూడా ప్రాణం తీయగలదు. మనుషుల హెర్పిస్‌కు వాడే వాలాసైక్లోవిర్ పిల్లులకు విషం. పశువులకు విరివిగా వాడే ఎన్రోఫ్లాక్సాసిన్ మోతాదు పిల్లిలో రోజుకు కిలో బరువుకు 5 మి.గ్రా. దాటితే నేత్రపటలం దెబ్బతిని అంధత్వం రావచ్చు. పాడి పశువుకు తెచ్చిన మందులో మిగిలినది పిల్లికి వేయడం ఈ కారణంగా ప్రమాదకరం.

పసుపు, పటిక నీరు, తేనె, పాలు, ఆకు పసరులు కంటిలో వేయరాదు. జిల్లేడు పాలు కార్నియాను తీవ్రంగా దెబ్బతీస్తాయి. హెర్పిస్ నివారణకు లైసిన్ పొడి వాడకం ప్రచారంలో ఉన్నప్పటికీ, 2015లో వెలువడిన ఒక సమగ్ర సమీక్ష దాని వలన ప్రయోజనం లేదని తేల్చింది.

పోషణ, వేరుచేయడం

ముక్కు మూసుకుపోయిన పిల్లికి వాసన తెలియదు. వాసన తెలియని మేతను అది ముట్టదు. చేప, కోడిమాంసం వంటివి గోరువెచ్చగా చేసి పెట్టాలి. కొన్ని రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకొని మరొక ప్రాణాపాయం ఏర్పడుతుంది.

జబ్బుపడిన పిల్లికి వేరు గది, వేరు పాత్రలు, వేరు మలవిసర్జన తొట్టి ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న వాటికి ముందు, జబ్బుపడిన దానికి చివర మేత పెట్టాలి. హెర్పిస్ వైరస్ శరీరం వెలుపల ఒక రోజులోపే నశిస్తుంది. కాలిసి వైరస్ అనేక రోజులు నిలుస్తుంది, సాధారణ క్రిమినాశకాలకు లొంగదు. పాత్రలను, నేలను సబ్బుతో కడిగిన తర్వాత పలుచని బ్లీచింగ్ ద్రావణంతో తుడవాలి. పిల్లి క్లమిడియా మనుషులకు సోకడం అరుదు అయినప్పటికీ, మందు వేసిన ప్రతిసారి చేతులు కడుగుకోవాలి.

నివారణ

హెర్పిస్, కాలిసి, పాన్‌ల్యూకోపీనియా వ్యాధులకు కలిపి ఇచ్చే టీకాను 6 నుండి 8 వారాల వయసులో ప్రారంభించి, 16 వారాలు వచ్చేవరకు 3 నుండి 4 వారాలకు ఒకసారి వేయించాలి. తదుపరి బూస్టర్ పశువైద్యుని సలహాపై వేయించాలి. హెర్పిస్, కాలిసి వైరస్‌ల విషయంలో టీకా వ్యాధి తీవ్రతను తగ్గిస్తుందే గాని సంక్రమణను పూర్తిగా ఆపదు. కొత్తగా తెచ్చిన పిల్లిని కనీసం 2 వారాలు వేరుగా ఉంచాలి.

ముగింపు

కంటిని తుడవడం, మందు వేళకు వేయడం, మేత తినిపించడం పెంపకందారు చేతిలోని పనులు. చికిత్స ఫలితం చాలావరకు వీటిపైనే ఆధారపడుతుంది. ఏ మందు వేయాలో నిర్ణయించడం మాత్రం కంటిని పరీక్షించిన తర్వాత జరగవలసిన పని. ఫోనులో సలహా అడిగినప్పుడు ‘కన్ను తెరుస్తున్నదా? నల్లగుడ్డు స్వచ్ఛంగా ఉన్నదా? మేత తింటున్నదా? ఇప్పటికే ఏ చుక్కలు వేశారు?’ అనే నాలుగు ప్రశ్నలు అడిగితే, శుభ్రపరుస్తూ గమనించదగిన పిల్లి ఏదో, అదే రోజు ఆసుపత్రికి చేరవలసిన పిల్లి ఏదో తెలుస్తుంది.