అర్జీ పెట్టే ముందు

నరసరావుపేట

రవీ,

మొన్న ఫోన్లో రివాల్వరు లైసెన్సు సంగతి అడిగావు. పక్కన నలుగురు ఉన్నారని నేను తేల్చి చెప్పలేదు. ఆర్మ్‌డ్ రిజర్వులో తుపాకులు విప్పి, తుడిచి, లెక్క అప్పజెప్పడంలోనే నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి నన్ను అడిగావు. నాకు తెలిసింది దాచకుండా రాస్తున్నాను. తీరిగ్గా చదువు, కోడలు అనూష చేత కూడా చదివించు.

నీ భయం ఉత్తుత్తిదని నేను అనను. ధరణికోటలో కోట దిబ్బ దాటాక, పొలాల అంచున మీ ఇల్లు ఒక్కటే. అమరావతి రాజధాని పనులు మళ్ళీ ఊపందుకున్నాక దారి పొడుగునా లారీలు, మనం ఎరగని మొహాలు. ప్లాట్ల బేరంలో అడ్వాన్సులు నగదుగా వస్తాయి, రిజిస్ట్రేషన్ అయ్యేదాకా బీరువాలో ఉంటాయి. 2021 డిసెంబరులో చెడ్డీ గ్యాంగ్ దొంగలు విజయవాడ, తాడేపల్లి వైపు తిరిగినప్పుడు అపార్టుమెంట్లలో ఉన్నవాళ్ళే కంటి మీద కునుకు లేకుండా గడిపారు. పొలాల మధ్య ఉన్నవాడికి ఆ బెంగ ఉండదా? అయితే ఒక్కటి ముందే చెబుతున్నా. రివాల్వరు ఇంట్లోకి వస్తే దానితోపాటు రోజూ చెయ్యాల్సిన పని ఒకటి వస్తుంది. పండగలకీ చుట్టాలకీ జ్వరాలకీ ఆ పని ఆగదు. ఏళ్ళ తరబడి అది చెయ్యగలనని నీకు నమ్మకం ఉంటేనే అర్జీ పెట్టు.

లైసెన్సు మనకు హక్కుగా వచ్చేది కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏళ్ళు నిండినవాడు కలెక్టరు గారికి, అంటే జిల్లా మేజిస్ట్రేటుకి, దరఖాస్తు పెట్టుకోవాలి. స్టేషను నుంచి విచారణ రిపోర్టు వెళ్తుంది. నీ మీద కేసులున్నాయా, నీకు ఎవరితో పడదు, తాగుతావా, నిజంగా ఎవరి నుంచైనా ప్రమాదం ఉందా, అన్నీ అడుగుతారు. డాక్టరు సర్టిఫికెట్, ఆయుధం వాడకంలో శిక్షణ పొందిన సర్టిఫికెట్, భద్రంగా దాచుకుంటానన్న హామీ కావాలి. నీ తోట సరిహద్దు గొడవ ఇంకా కోర్టులో నడుస్తోంది కదా, దాన్ని దాచకు. విచారణలో ఎలాగూ బయటపడుతుంది. దాచినందుకే దరఖాస్తు తోసిపుచ్చితే ఆ మచ్చ పోదు.

చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. రక్షణ కోసం అడిగినవాడికి చట్టం ముందుగా చూపించేది లోపల నున్నగా ఉండే పొడుగు గొట్టం గన్ను, బ్యాంకు గార్డు భుజాన ఉండే డబల్ బ్యారెల్ లాంటిది. చేతిలో ఇమిడే రివాల్వరు, పిస్తోలు అడిగితే దానికి తగిన కారణం వేరే చూపించాలి. దాచడానికి వీలైన ఆయుధం విషయంలో ప్రభుత్వం చెయ్యి బిగబట్టుకునే ఉంటుంది. ఇచ్చినా పాయింట్ 32 బోరు లాంటివే ఇస్తారు. సినిమాల్లో చూసే 9 ఎంఎం మనబోటి వాళ్ళకు నిషిద్ధం. ధర కూడా తక్కువ కాదు. కాన్పూరు ఫ్యాక్టరీ 2014లో ఆడవాళ్ళ కోసమని తెచ్చిన నిర్భీక్ రివాల్వరే అప్పట్లో లక్షా ఇరవై వేలు దాటింది. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి అయిదేళ్ళయింది, ఒక మనిషికి రెండు ఆయుధాలకు మించి ఇవ్వరు.

ఇవన్నీ ఎందుకని, లైసెన్సు లేకుండా బయట రాష్ట్రం సరుకు తెచ్చిపెడతానని ఎవడైనా దళారీ చెవిలో వేస్తే వాణ్ణి గడప తొక్కనివ్వకు. లైసెన్సు లేని తుపాకీ దొరికితే రెండేళ్ళకు తగ్గకుండా అయిదేళ్ళదాకా జైలు. పైగా ఆ నాటు సరుకు పేలేటప్పుడు గొట్టం చీలి, పట్టుకున్నవాడి వేళ్ళే ఎగిరిపోవడం నేను కళ్ళారా చూశాను.

ఇక మన పల్నాడు సంగతి. 2024 మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చింది. షెడ్యూలు రాగానే లైసెన్సు ఆయుధాలు స్టేషన్లో జమ చెయ్యమని కబురు వస్తుంది. మే 13న పోలింగు నాడు మాచర్ల, నరసరావుపేటల్లో ఎలాంటి గొడవలు జరిగాయో నీకు నేను చెప్పాలా? ఆ తర్వాత ఎన్నికల సంఘం మన జిల్లా ఎస్పీని సస్పెండు చేసింది, కలెక్టర్ని బదిలీ చేసింది. జూన్ 4న కౌంటింగు అయ్యేదాకా ఊళ్ళు ఉగ్గబట్టుకుని ఉన్నాయి. అన్నాళ్ళూ లైసెన్సుదారుల తుపాకులు ఎక్కడున్నాయి? స్టేషన్లో, చీటీ కట్టి, వరసగా. ఊరు భగ్గుమనే నెలల్లోనే అది నీ ఇంట్లో ఉండదు. అలా జమ చేయించడం న్యాయమే, నేను దాన్ని గట్టిగా సమర్థిస్తాను. కానీ నీ ధైర్యమంతా దాని మీదే కట్టుకుంటే ఆ రెండున్నర నెలలు ఏం చేస్తావో ఇప్పుడే ఆలోచించుకోవాలి.

దొంగ లోపలికి వస్తే కాల్చొచ్చా అని అడిగావు. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 34 నుంచి 44 దాకా ఆత్మరక్షణ సెక్షన్లు. దోపిడీ చేసేవాడి మీద, పొద్దుగూకాక తెల్లవారే లోపు ఇల్లు పగలగొట్టి చొరబడినవాడి మీద, కాపురముండే ఇంటికి నిప్పు పెట్టేవాడి మీద ప్రాణం పోయేంత బలం వాడినా నేరం కాదని 41వ సెక్షను చెబుతుంది. అక్కడే ఆగిపోకు, 37 కూడా చదువు. పోలీసుల సాయం అందే వ్యవధి ఉంటే ఆ హక్కు లేదు. కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి హాని చెయ్యకూడదు. సంచీ చంకన పెట్టుకుని గోడ దూకి పోతున్నవాడి వీపున కాల్చి ఆత్మరక్షణ అంటే ఏ జడ్జి ఒప్పుకుంటాడు? ఆత్మరక్షణకే కాల్చానని చూపించుకోవాల్సిన భారం కూడా నీ మీదే పడుతుంది.

న్యాయం నీ వైపే ఉన్నా ఎంత కాలం పడుతుందో చూడు. పంజాబులో 1991లో పొలం తగాదాలో తండ్రి మీద దాడికి దిగినవాణ్ణి కొడుకు లైసెన్సు తుపాకీతో కాల్చాడు. కింది కోర్టు వదిలేసింది, హైకోర్టు శిక్ష వేసింది. చివరికి 2010 జనవరిలో సుప్రీంకోర్టు అది ఆత్మరక్షణేనని విడుదల చేసింది. దర్శన్ సింగ్ కేసని వకీళ్ళు ఇప్పటికీ ఉదహరిస్తారు. దాదాపు ఇరవై ఏళ్ళు ఆ ఇల్లు కోర్టుల చుట్టూ తిరిగింది. కోర్టు వదిలినా మనసు వదలకపోవచ్చు. చెంచులు దోపిళ్ళు చేస్తున్నారని మన అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు వాళ్ళను పిలిపించి తలలు తీయించాడనీ, ఆ తర్వాత ఆయనకు అన్నం సయించలేదనీ, ఆ పాపభయంతోనే గుళ్ళూ గోపురాలూ కట్టించాడనీ నాయనమ్మ చెప్పేది, నీకు గుర్తుందో లేదో. మనిషిని చంపాక మళ్ళీ మామూలుగా తిని పడుకోవడం తేలిక కాదని మన ఊరికి ఎప్పటినుంచో తెలుసు.

ఇప్పుడు మీ ఇల్లు చూద్దాం. గృహప్రవేశానికి వచ్చినప్పుడు నేను చూసింది చెబుతున్నా. వీధి గుమ్మానికి టేకు తలుపు, రెండు తాళాలు. బయటి మెట్లెక్కి డాబా మీదికి పోతే అక్కడున్నది రేకు తలుపు, దానికి చిటికెన వేలంత గడియ. నేను భుజంతో ఆనిస్తేనే గడియ దగ్గర సందు కనిపించింది. దొంగ నీ టేకు తలుపు జోలికి ఎందుకు వస్తాడు? ముందు ఆ డాబా తలుపు తీయించి ఇనుప గ్రిల్లు పెట్టించు, లోపలి వైపు అడ్డగడియ వేయించు. మెట్ల మొదట్లో మనిషి అలికిడికి వెలిగే లైటు పెట్టించు. పెరట్లో నిచ్చెన గోడకు ఆనించి ఉంచకు, గొలుసు వేసి కట్టు. కుక్కను పెంచు. నగదు ఇంట్లో నిలవ ఉంచడం మానెయ్యి, బేరాలన్నీ బ్యాంకు ద్వారానే చెయ్యి. ఊరెళ్ళేటప్పుడు పోలీసుల ఎల్‌హెచ్ఎంఎస్ యాప్‌లో చెబితే తాళం వేసిన ఇంట్లో కెమెరా పెట్టి కనిపెట్టి ఉంటారు. అనూషకూ అమ్మకూ 112 నంబరు నోటికి రావాలి. రాత్రి చప్పుడైతే అందరూ ఏ గదిలో చేరాలి, ఆ గది తలుపుకు లోపలి గడియ ఉందా, ఫోను అక్కడే ఉందా అన్నది మాట్లాడుకుని ఉంచండి. వీటన్నిటికీ అయ్యే ఖర్చు రివాల్వరు ధరలో సగం కూడా ఉండదు. ఎన్నికలొచ్చినా గ్రిల్లును ఎవరూ జమ చెయ్యమనరు.

మరో సంగతి. హాలుకూ పిల్లల గదికీ మధ్య గోడలో సగం అద్దాల అలమర, మిగతాది ప్లైవుడ్డు. చీకట్లో వణికే చేత్తో హాల్లో కాలిస్తే తప్పిన గుండు ఎటు పోతుంది? మాకు ఏటా ఫైరింగు ప్రాక్టీసు ఉండేది. పట్టపగలు, కదలని బొమ్మ మీద, పక్కన చెప్పేవాళ్ళుండగా కూడా గురి తప్పేవాళ్ళు ఎంతోమంది. నువ్వు నిద్ర మత్తులో లేచి, చీకట్లో కదిలేది దొంగో, మంచినీళ్ళకు లేచిన మీ అమ్మో తేల్చుకోవాలి. చేతిలో టార్చి లేకుండా ఆయుధం పట్టుకోవద్దని చెప్పేది అందుకే.

ఇంత విన్నాక కూడా, నిన్ను పేరు పెట్టి బెదిరించినవాడు నిజంగా ఉండి, ఆ ఫిర్యాదు స్టేషన్లో రాసి ఉంటే, అప్పుడు లైసెన్సు అడగడం తప్పు కాదు. వస్తే ఎలా ఉంచుకోవాలో చెబుతా. ఇంట్లో అడుగు పెట్టగానే సిలిండరు పక్కకు తీసి, గొట్టం నేలవైపు ఉంచి, ఆరు గదులూ వెలుతుర్లో చూడు. చూశాక చిటికెన వేలితో ఒక్కో గది తడుము. కన్ను మోసపోయినా వేలు మోసపోదు. అక్కడ పెట్టి అవతలికి వెళ్ళి మళ్ళీ వచ్చావా, మళ్ళీ అన్నీ చూడాలి. ఖాళీగానే ఉందని ఎవరైనా చేతికిచ్చినా చూడాలి. కాల్చాలని నిర్ణయించుకునేదాకా వేలు ట్రిగ్గరు మీదికి పోకూడదు. గోడకు బోల్టులు బిగించిన ఇనుప పెట్టెలో ఉంచు. బీరువాలో చీరల కింద, దిండు కింద పెట్టేవాళ్ళను చూశాను, ఆ ఇళ్ళలో పిల్లలుంటే నాకు గుండె దడ. తాళం నీ దగ్గరే ఉండాలి. మన చిన్నోడికి ఏడేళ్ళు. నువ్వు దాచిన చోటు వాడికి తెలియదనుకోకు, దీపావళికి కొన్న టపాకాయలు ఎక్కడ దాచినా కనిపెట్టేవాడు వాడు.

2024 అక్టోబరు 1న తెల్లవారుజామున హిందీ నటుడు గోవిందా ప్రయాణానికి బయల్దేరబోతూ లైసెన్సు రివాల్వరు సర్దుతుంటే అది పేలి కాల్లో గుండు దిగింది. ఆయన ఎవరి మీదా ఎక్కుపెట్టలేదు. అదే ఏడాది నవంబరులో అట్లాంటాలో చదువుకుంటున్న మన తెలుగు కుర్రాడు పుట్టినరోజు నాడు తన తుపాకీ శుభ్రం చేస్తూ ప్రాణం పోగొట్టుకున్నాడు. అమెరికాలో నీ స్నేహితుడు కారులో పిస్తోలు పెట్టుకు తిరుగుతాడని చెప్పావు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి 21 దాటినవాడు చాలా చోట్ల పర్మిట్ లేకుండానే పెట్టుకోవచ్చు, నిజమే. కానీ చదువు వీసా మీదో, హెచ్-1బీ మీదో ఉన్నవాడు వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ ఉంచుకుంటే అక్కడి ఫెడరల్ చట్టం కింద నేరం. ఆ అబ్బాయి వీసా ఏదో కనుక్కో, ఈ మాట వాడి చెవిన వెయ్యి.

వెంట తీసుకెళ్ళే సంగతి. 2016 ఆయుధాల నియమాల ప్రకారం జనంలోకి తెచ్చే చేతి తుపాకీ ఒంటికి కట్టిన హోల్‌స్టరులోనో సంచీలోనో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, నీ అదుపులో ఉండాలి. బయటికి తీసి చూపించడం నిషిద్ధం. చొక్కా పైకి లాగి మొల దగ్గర కనపడేలా కూర్చుని బేరం మాట్లాడేవాళ్ళున్నారే, వాళ్ళ లైసెన్సు పోవడానికి ఆ ఒక్క ఫొటో చాలు. పెళ్ళి ఊరేగింపులో గాల్లోకి కాలిస్తే రెండేళ్ళదాకా జైలో, లక్షదాకా జరిమానానో, రెండూనో. శివరాత్రికి అమరేశ్వరుడి గుడి దగ్గర తొక్కిసలాడే జనంలోకి అది తీసుకుపోకు. మందు ముట్టే రోజు అసలు పెట్టె తియ్యకు. కారు డాష్‌బోర్డులో వదిలేసి టీ తాగడానికి దిగకు. ఆయుధం పోతే వెంటనే స్టేషన్లో రాయించాలి.

ఇది రాయడానికి కొంచెం కష్టంగా ఉంది, అయినా రాస్తాను. మా దగ్గర ఏ జవానుకైనా ఇంట్లో గొడవో, అప్పుల బాధో ఉండి ముభావంగా తిరుగుతుంటే, ముందు వాడి ఆయుధం వెనక్కి తీసుకునేవాళ్ళం, మిగతా మాటలు తర్వాత. ప్లాట్ల వ్యాపారంలో ఎత్తుపల్లాలు నీకు తెలుసు. 2019 తర్వాత రాజధాని ఆగిపోయినప్పుడు నువ్వు ఎన్ని రాత్రులు అన్నం మానేశావో మీ నాన్న చెప్పాడు. అలాంటి రోజు మళ్ళీ వస్తే, పెట్టె తాళం తమ్ముడి చేతికిచ్చేస్తానని, లేదా ఆయుధాన్నే లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో స్టేషన్లోనో జమ చేస్తానని ఇప్పుడే నాకు మాట ఇవ్వు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నాకు ఫోన్ చేస్తే అర్ధరాత్రయినా బయల్దేరి వస్తాను.

అనూష ఏమంటుందో నువ్వు చెప్పలేదు. ఆ ఇంట్లో తనకు ఇష్టం లేకుండా అది ఉండకూడదు. తనకు భయమంటే అక్కడితో ఆపెయ్. సరేనంటే తనకు కూడా ఖాళీ చేయడం, తాళం వేయడం నేర్పిద్దాం.

వచ్చే ఆదివారం పిడుగురాళ్ళ నుంచి వెల్డింగు చేసే మన సాయిబును వెంటబెట్టుకొస్తా. డాబా తలుపు కొలతలు తీసుకుని ఉంచు, ఎత్తు, వెడల్పు, గోడ మందం. బెదిరింపు ఫిర్యాదు కాపీ ఉంటే అదీ బయట పెట్టి ఉంచు, చూసి మాట్లాడదాం.

నీ పెదనాన్న