పాత సిజేరియన్ కుట్టు విడిపోతుందా?

ప్రశ్న: మొదటి కాన్పు సిజేరియన్. ఇప్పుడు ఏడో నెల. ఈసారి మామూలు కాన్పు కావాలని ఉంది. నొప్పులకు పాత కుట్టు దగ్గర గర్భసంచి చిరుగుతుందంటున్నారు. నిజమేనా?
– ఓ సోదరి, ఆళ్లగడ్డ

జవాబు: అలా జరగొచ్చు, కానీ అరుదు. గర్భసంచి కింది భాగంలో అడ్డకోత ఒక్కసారే పడి ఉంటే ఆ ముప్పు సుమారు నూటికి ఒకరికి మించదు. పైభాగంలో నిలువు కోత ఉన్నవారు మాత్రం నొప్పులు రాకముందే సిజేరియన్ చేయించుకోవాలి. పొట్టమీది మచ్చను బట్టి లోపలి కోత తెలియదు కాబట్టి పాత డిశ్చార్జి కాగితాలు డాక్టరుకు చూపించండి. రెండు కాన్పుల మధ్య ఏడాదిన్నర ఎడం లేకపోయినా ముప్పు పెరుగుతుంది.

గర్భసంచి చిరిగితే తల్లికి తీవ్ర రక్తస్రావమవుతుంది, గర్భసంచి తీసేయాల్సి రావచ్చు. ఆక్సిజన్ అందక బిడ్డ మెదడు దెబ్బతినొచ్చు, ప్రాణమే పోవచ్చు. నిమిషాల్లో ఆపరేషన్ జరగాలి. అలాంటప్పుడు ఆళ్లగడ్డ నుంచి నంద్యాల వెళ్లాలన్నా సుమారు 40 కిలోమీటర్లు. అందుకే మత్తు డాక్టరు, రక్తం, ఆపరేషన్ థియేటర్ 24 గంటలూ ఉండే ఆసుపత్రినే ఎంచుకోండి. నెలలు నిండేసరికి దాని దగ్గర్లో ఉండండి.

కుట్టు దగ్గర ఆగని నొప్పి, రక్తస్రావం, కళ్లు తిరగడం, బిడ్డ కదలికలు తగ్గడం, వస్తున్న నొప్పులు ఉన్నట్టుండి ఆగిపోవడం... వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి. నొప్పులు రావడానికంటూ ఇంట్లో ఏ మాత్రలూ వేసుకోవద్దు.