రైఫిల్ కొనాలా, వద్దా?

ప్రశ్న: ఎద్దుమైలారం ఓడీఎఫ్ (ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ)లో పనిచేసి రిటైరయ్యాను. ఇల్లు సంగారెడ్డి దగ్గర, పాశమైలారంలో చిన్న షెడ్డు ఉంది. ఈమధ్య షెడ్డులో రాగి తీగ పోయింది. చిన్నప్పుడు పోలీసుల భుజాన చూసిన త్రీ నాట్ త్రీ అంటే నాకు చాలా ఇష్టం. ఇప్పుడు అలాంటిదే కొత్తది అమ్ముతున్నారట. అమెరికాలో ఉన్న మా తమ్ముడి కొడుకేమో తన దగ్గరున్న ఎం1ఏ రైఫిల్ తెచ్చిస్తానంటున్నాడు. ఏది తీసుకోమంటారు?
- ఒక పాఠకుడు, సంగారెడ్డి జిల్లా

జవాబు: ఏ రైఫిల్ అన్నది మీరు అడిగారు. లైసెన్సు ఇచ్చే అధికారి మాత్రం ముందు ఎందుకని అడుగుతారు. మన రాజ్యాంగం ఆయుధం పట్టే హక్కును ఎవరికీ ఇవ్వలేదు. 19వ అధికరణం సమావేశమయ్యే స్వేచ్ఛ ఇస్తూనే అది శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా జరగాలంది. అమెరికా రాజ్యాంగంలో ఆయుధ హక్కు ఉందని, మన దగ్గర అలాంటిది లేదని సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో గుర్తుచేసింది. ఇక్కడ తుపాకీ అనేది 1959 ఆయుధాల చట్టం కింద, చూపిన అవసరాన్ని బట్టి దొరికే అనుమతి. అవసరం ఏమిటో తేలితే, ఏ ఆయుధమో దాని వెనకే తేలుతుంది.

మీరు ఇష్టపడే త్రీ నాట్ త్రీ లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్. బ్రిటిష్ సైన్యం దాన్ని 1895లో తీసుకుంది. బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో అది దశాబ్దాలపాటు తయారైంది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 పరేడ్‌తో దానికి వీడ్కోలు చెప్పారు. పోలీసులు పక్కన పెట్టారు కదా, ఇక మనకు అమ్ముతారేమోనని చాలామంది అనుకుంటారు. అమ్మరు. 2016 ఆయుధ నియమాల మొదటి షెడ్యూలు ప్రకారం .303, 7.62 ఎంఎం సైనిక తూటాలను పేల్చగల బోల్ట్ యాక్షన్, సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లన్నీ 1(సి) వర్గం కిందికొస్తాయి. ఇవి నియంత్రిత ఆయుధాలు. వీటికి అనుమతి కేంద్ర హోంశాఖ చేతిలో ఉంటుంది. ప్రాణానికి తీవ్రమైన, తక్షణ ముప్పు ఉందని రుజువైన కొద్దిమందికే అది దక్కుతుంది. షెడ్డులో రాగి తీగ పోవడం ఆ కోవలోకి రాదు.

మీరు విన్న కొత్తది బహుశా .315 స్పోర్టింగ్ రైఫిల్. అదే ఇషాపూర్ ఫ్యాక్టరీది, లీ ఎన్‌ఫీల్డ్ బోల్టు పద్ధతిలోనే పనిచేస్తుంది. తేడా తూటాలో ఉంది. ఇది 8 ఎంఎం తూటా, సైన్యం వాడేది కాదు. సైనిక తూటా బయటి తుపాకీలో పట్టకూడదన్న బ్రిటిష్ ప్రభుత్వ జాగ్రత్త వల్లే మన దేశంలో పౌరుల రైఫిల్‌కు ఈ వేరే కొలత స్థిరపడింది. 2021 అక్టోబరు 1న ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడదీశాక ఇషాపూర్ కాన్పూర్ కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ కిందికి, మీ ఓడీఎఫ్ ఆవడి కేంద్రంగా ఉన్న ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కిందికి వెళ్లాయి. ఈ .315 అనుమతించదగిన వర్గంలో ఉంది కాబట్టి స్థానిక లైసెన్సింగ్ అధికారే లైసెన్సు ఇవ్వగలరు. అంటే మీరు అడిగినదానికి దగ్గరగా, చట్టబద్ధంగా కొనగలిగింది ఇదొక్కటే. ఏకే-47 వంశంలో కొత్తదైన ఏకే-203ని అమేథీ జిల్లా కోర్వాలో తయారుచేస్తున్నారు గానీ, అది సైన్యానికే.

కొనగలగడం వేరు, కొనదగినది కావడం వేరు. దొంగల కోసమైతే రైఫిల్ వద్దని గట్టిగా చెబుతాను.

ముందు చట్టం సంగతి. భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. ఆస్తి కోసం ప్రాణం తీసేదాకా ఎప్పుడు వెళ్లవచ్చో 41వ సెక్షన్ చెబుతుంది: దోపిడీ, సూర్యాస్తమయం తర్వాత సూర్యోదయానికి ముందు ఇల్లు పగలగొట్టి చొరబడడం, నివాసానికి నిప్పుపెట్టడం, ప్రాణభయమో తీవ్రగాయమో తప్పదనిపించే దొంగతనం. రాగి తీగ చుట్ట భుజాన వేసుకుని గోడ దూకి పారిపోతున్నవాడు వీటిలో లేడు. వాడి వీపు మీద కాలిస్తే కేసు మీ మీదే. హాని అవసరమైనంతకు మించకూడదని, పోలీసుల సాయం పొందే వ్యవధి ఉంటే ఈ హక్కే లేదని 37వ సెక్షన్ అంటుంది. గేటు దగ్గర లైటు, కెమెరా, రాత్రి కాపలా మనిషి, పోయిన వెంటనే ఠాణాలో ఎఫ్‌ఐఆర్, బీమా. మీ షెడ్డుకు కావలసినవి ఇవే.

రెండోది మీరున్న చోటు. రైఫిల్ తూటా కిలోమీటరుకు మించి వెళుతుంది, మామూలు రేకు గోడ దానికి లెక్క కాదు. పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారంలో ఏ షెడ్డు వెనక ఏ సాల్వెంట్ డ్రమ్ములు ఉన్నాయో, రోడ్డు మీద ఏ ట్యాంకర్ ఆగి ఉందో చీకట్లో ఎవరికి తెలుస్తుంది? పక్క షెడ్డులో రాత్రి షిఫ్టు చేసే కూలీ మీకు కనిపించడు. ఈ ఒక్క కారణం చాలు నాకు.

అన్నీ ఆలోచించి కూడా దరఖాస్తు పెట్టాలనుకుంటే మీ హక్కులు మీకు తెలిసుండాలి. వయసు 21 నిండాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో జాతీయ ఆయుధ లైసెన్సుల వ్యవస్థ ద్వారా పెట్టాలి. మీ ఇల్లు పోలీసు కమిషనరేట్ పరిధిలో ఉంటే కమిషనర్, లేకపోతే జిల్లా మేజిస్ట్రేట్ అయిన కలెక్టర్ లైసెన్సింగ్ అధికారి. రెవెన్యూ జిల్లా సంగారెడ్డి అయినంత మాత్రాన ఠాణా కూడా జిల్లా పోలీసులదే అయి ఉండాలని లేదు. రామచంద్రాపురం వాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. కాబట్టి ముందు మీ ఠాణాలోనే అడగండి. ఆయుధ భద్రత శిక్షణ సర్టిఫికెట్ కావాలి, ఇంట్లో తుపాకీని తాళం వేసి భద్రపరుస్తానని హామీ ఇవ్వాలి. ఠాణా నివేదిక 30 రోజుల్లో రావాలి. ఓడీఎఫ్‌లో పనిచేశారన్నది మీ మంచి నడవడికకు సాక్ష్యం అవుతుంది గానీ లైసెన్సుకు అర్హత కాదు. ఆస్తి తక్కువ ఉందన్న ఒక్క కారణంతో తిరస్కరించకూడదని ఆయుధాల చట్టం 14వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. పెద్దవాళ్లకే లైసెన్సు ఇస్తారన్న మాట ఊళ్లలో వింటుంటాం, చట్టంలో అలా లేదు.

2019 సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండు తుపాకుల కంటే ఎక్కువ ఉండకూడదు, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. పెళ్లి బరాత్‌లో, గెలుపు ఊరేగింపులో ఇతరుల ప్రాణాలకు ముప్పు కలిగేలా నిర్లక్ష్యంగా కాలిస్తే రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. తర్వాత మనసు మారి అమ్మేయాలన్నా, జిల్లా మేజిస్ట్రేట్‌కో దగ్గరి ఠాణాకో రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. మీ తర్వాత తుపాకీ పిల్లలకు తనంతట తానే రాదు. వాళ్లు దాన్ని ఠాణాలోనో లైసెన్సున్న డీలర్ దగ్గరో జమచేసి, తమ పేరిట లైసెన్సు తెచ్చుకోవాలి. మీకు 70 ఏళ్లు నిండితే బతికుండగానే వారసుడి పేర మార్చమని కోరవచ్చు. ఈ సంగతి ఇంట్లో వాళ్లకు ఇప్పుడే చెప్పండి. తండ్రి పోయిన దుఃఖంలో బీరువాలో రైఫిల్ అలాగే ఉండిపోయి, కొడుకు మీద లైసెన్సులేని ఆయుధం కేసు పడే ప్రమాదం నిజమైనది.

ఇక మీ తమ్ముడి కొడుకు కానుక. ఎం1ఏ అంటే అమెరికా సైన్యం 1957లో తీసుకున్న ఎం14కు పౌరులకు అమ్మే రూపం. సెమీ ఆటోమేటిక్, 7.62 ఎంఎం సైనిక తూటా పట్టేది. ఇక్కడ అది నేరుగా 1(సి) వర్గం. కాపురం మార్చుకుని వచ్చే ప్రవాసులు తాము వాడిన ఒక తుపాకీ తెచ్చుకునే వీలు కస్టమ్స్ నియమాల్లో ఉంది గానీ, అది అనుమతించిన బోరుకే, ఇక్కడి లైసెన్సు ఉన్నవాళ్లకే. వాళ్లు దాన్ని ఇంకొకరికి ఇవ్వడానికి వీల్లేదు. మీకు కానుకగా అది చేరే దారే లేదు. విడిభాగాలుగా విప్పి సామాన్లలో పెట్టి పంపడం లాంటి సలహా ఎవరైనా ఇస్తే చెవిన పెట్టవద్దని అబ్బాయికి చెప్పండి. నిషిద్ధ ఆయుధం దగ్గరుంటే ఏడు నుంచి పద్నాలుగేళ్ల శిక్ష. ఏకే-56 రైఫిల్ దగ్గర పెట్టుకున్న కేసులో నటుడు సంజయ్ దత్‌కు, శిక్షలు ఇంతగా పెరగకముందే, సుప్రీంకోర్టు 2013 మార్చిలో ఐదేళ్ల శిక్ష ఖరారు చేసింది.

అంతకంటే ముఖ్యంగా అబ్బాయిని ఒక మాట అడగండి: నీ వీసా ఏమిటి? గ్రీన్‌కార్డు ఉంటే ఇబ్బంది లేదు. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తోంది. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. దుకాణంలో సులువుగా దొరికింది కాబట్టి నేరం కాదనుకునే మన పిల్లలు అక్కడ చాలామంది. అబ్బాయిది ఆ వీసా అయితే ఇవాళే అక్కడి లాయర్‌ను కలవమనండి.

రైఫిల్ మీద మీ ఇష్టాన్ని మాత్రం చంపుకోవద్దు. సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని షూటింగ్ రేంజ్ మీకు ఎంతో దూరం కాదు. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిచింది ఎయిర్ రైఫిల్‌తోనే. .177 బోరు, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు, గుర్తింపు కార్డు చూపించి కొనవచ్చు. షూటింగ్ క్లబ్బులో రెండేళ్లు చురుకైన సభ్యుడిగా ఉంటే, క్రీడాకారుడిగా లైసెన్సు అడిగే ఆధారం కూడా నియమాల్లోనే ఉంది. .315 కోసం దరఖాస్తు పెడతారంటే, దొంగల పేరుతో కాకుండా ఈ దారిలో వెళ్లండి.

ఒకవేళ తిరస్కరిస్తే, కారణాలు రాతలో ఇవ్వమని అడగండి. ప్రజాప్రయోజనానికి భంగమని భావిస్తే తప్ప అధికారి ఇవ్వాల్సిందే. ఉత్తర్వు అందిన 30 రోజుల్లోగా ఆయుధాల చట్టం 18వ సెక్షన్ కింద అప్పీలు వేయవచ్చు, ఆ తర్వాత హైకోర్టు ఉంది. అందుకే దరఖాస్తు రసీదు, ఉత్తర్వు అందిన తేదీ ఉన్న కవరు రెండూ దాచుకోండి.