హెడ్‌లైటుకు పచ్చ పడితే రాత్రి ప్రయాణం గండమే
ముందు జాగ్రత్తే మేలు

రైతుకు రాత్రి ప్రయాణం తప్పదు. సాయంత్రం కోసిన టమాటా తెల్లారేసరికి మార్కెట్లో ఉండాలి. మిర్చి టిక్కీలు వేసుకుని యార్డుకు బయలుదేరేవారిదీ ఇదే పరిస్థితి. కోతల కాలంలో రోడ్డు మీద వడ్ల రాశులు, వాటి చుట్టూ పేర్చిన రాళ్లు, వెనక లైటు లేని ట్రాలీలు ఎదురవుతుంటాయి. వీటిని దూరం నుంచే పసిగట్టాలంటే బండికి వెలుతురు బాగుండాలి. చాలామంది ఇంజను ఆయిలు, టైర్లలో గాలి చూసుకుంటారు గానీ హెడ్‌లైటు గ్లాసు పసుపు పచ్చగా మారినా పట్టించుకోరు. ‘బల్బు వెలుగుతోంది కదా’ అనుకుంటారు. బల్బు వెలిగితే చాలదు, ఆ వెలుగు రోడ్డు మీద పడాలి. బాగా పాడైన హెడ్‌లైటు కొత్తదాంతో పోలిస్తే ఐదో వంతు వెలుతురే ఇస్తున్నట్టు 2018లో అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ పరీక్షల్లో తేలింది.

ఎందుకు పచ్చబడుతుంది?

మనం గ్లాసు అని పిలుస్తున్నా ఇప్పటి కార్లకు, మినీ వ్యాన్లకు ఉండేది గాజు కాదు, పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్. తేలిగ్గా ఉంటుంది, రాయి తగిలినా సులభంగా పగలదు. అయితే ఎండలోని అతినీలలోహిత కిరణాలకు తట్టుకోలేదు. అందుకే ఫ్యాక్టరీలోనే దానిపై పలుచని రక్షణ పూత వేస్తారు. ఏళ్ల తరబడి ఎండ, దుమ్ము, ఇసుక రాపిడికి ఈ పూత అరిగిపోతుంది. ఆ తర్వాత ప్లాస్టిక్ పసుపు రంగుకు తిరిగి, మసకబారుతుంది.

పాత ట్రాక్టర్లకు అసలైన గాజు ఉంటుంది. గోటితో తడితే టింగుమంటుంది. గాజు పచ్చబడదు. దాని వెలుతురు తగ్గితే లోపలి రిఫ్లెక్టరు మెరుపు పోయిందేమో, ఎర్తు వైరు తుప్పు పట్టిందేమో చూడాలి. పైన ఎంత రుద్దినా లాభం ఉండదు.

నివారణకు ఏం చేయాలి?

* బండిని నీడలో నిలపాలి. చెట్టు గానీ షెడ్డు గానీ లేకుంటే హెడ్‌లైట్లు ఎండకు ఎదురుగా లేకుండా నిలపాలి. రోజుల తరబడి కదపని బండికి లైట్ల మీద మందపాటి శుభ్రమైన గుడ్డ కప్పాలి.
* పొడి గోనెపట్టాతో దుమ్ము తుడవకూడదు. ఇసుక రేణువులు గీతలు పెడతాయి. ముందు నీళ్లు పోసి, షాంపూ నీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డతో కడగాలి.
* పెట్రోలు, థిన్నరుతో తుడవరాదు. ప్లాస్టిక్‌లో సన్నని పగుళ్లు వస్తాయి. పురుగుమందుల్లోనూ ద్రావకాలుంటాయి. మందు చిందితే వెంటనే నీటితో కడిగేయాలి.
* అతినీలలోహిత కిరణాల నుంచి రక్షణ ఇచ్చే వ్యాక్స్‌ను నెలా రెండు నెలలకోసారి పూయాలి.
* వెలుతురు చాలడం లేదని ఎక్కువ వాట్ల బల్బు వేయొద్దు. 60/55 వాట్ల బల్బు ఉన్నచోట 100/90 వేస్తే వేడికి హోల్డరు, వైరు, రిఫ్లెక్టరు దెబ్బతింటాయి.

ఇప్పటికే పచ్చబడితే?

టూత్‌పేస్టుతో రుద్దితే పోతుందని కొందరంటారు. పైపైన కాస్త మెరుస్తుంది, ఎక్కువ కాలం నిలవదు. దోమల మందు క్రీము కూడా పూస్తుంటారు. అది ప్లాస్టిక్‌ను కరిగించి మెరుపు తెప్పిస్తుందే తప్ప బాగు చేయదు. ఇది వాడకపోవడమే మంచిది.

సరైన పద్ధతి ఇదీ: బండిని నీడలో నిలిపి లైట్లను కడగాలి. చుట్టూ రంగు చెడకుండా టేపు అంటించాలి. 1000 నంబరు వాటర్ పేపరును నీటిలో తడుపుతూ సమంగా రుద్దాలి. మొదట పసుపు నీళ్లు కారతాయి. తెల్లటి నీళ్లు వచ్చేదాకా రుద్దాలి. తర్వాత వరసగా 2000, 3000 నంబర్లు వాడాలి. ఈ దశలో గ్లాసంతా తెల్లగా మసకేసినట్టు కనిపిస్తుంది, కంగారు పడనక్కర్లేదు. పాలిషింగ్ కాంపౌండుతో రుద్దితే తేటపడుతుంది.

పని అక్కడితో అయిపోలేదు. రుద్దినప్పుడు మిగిలిన పాత పూత కూడా పోతుంది. కనుక కడిగి, పూర్తిగా ఆరాక యూవీ రక్షణ ఉన్న క్లియర్ కోటు తప్పక వేయించాలి. మెకానిక్ దగ్గర చేయించినా ‘పైన కోటు వేశావా’ అని అడగాలి. వేయకుంటే కొన్ని నెలల్లోనే మళ్లీ మొదటికొస్తుంది.

పచ్చదనం లోపలివైపు ఉన్నా, పగుళ్లు లోతుగా దిగినా రుద్ది ప్రయోజనం లేదు, లైటు మార్చాల్సిందే. లోపల నీరు చేరుతుంటే సీలు పాడైందన్నమాట. ముందు దాన్ని సరిచేయించుకోవాలి.

చివరగా చీకటి పడ్డాక బండిని గోడకు ఎదురుగా పెట్టి, లైటు వేసి చూడండి. రెండు లైట్ల వెలుగూ ఒకే ఎత్తులో, ఒకే తీరుగా పడాలి. డిమ్ వేసినప్పుడు వెలుతురు కిందికి దిగాలి. సరుకు ఎక్కించే రోజు హడావుడిగా కాకుండా, పంట చేతికొచ్చే ముందే ఒక పూట ఈ పనికి కేటాయిస్తే మీకూ, ఎదురొచ్చేవారికీ క్షేమం.